శ్రుతి చేస్తున్నారా, కచేరీ మొదలైందా?

ఉచిత జానపద కచేరీల వరసలో ఒక సాయంత్రాన్ని ప్రయోగాత్మక తంత్రీ ద్వయానికి కేటాయించడం నిర్వాహకుల దూరదృష్టే. టికెట్టు పెడితే డబ్బు వాపసు అడిగేవాడు పుడతాడు. దానమిచ్చిన ఆవుకు పళ్లెంచకూడదన్న మర్యాద ఉన్నచోట ఎంతటి ప్రయోగమైనా చెల్లుతుంది.

అసలు చిక్కు చప్పట్లది. 1971లో న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ సహాయ కచేరీలో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ శ్రుతి చేసుకుంటుంటేనే సభ చప్పట్లు కొట్టింది. ఇదే ఇంత నచ్చితే వాయించేది ఇంకా నచ్చుతుందిలెండి అన్నట్టు రవిశంకర్ చమత్కరించారు. పాపం, ఆయన శ్రుతి అయ్యాక వాయించాల్సి వచ్చింది. మన ద్వయానికి ఆ బాధ లేదు, శ్రుతే కచేరీ. వయొలిన్ 440 హెర్ట్జ్‌లో, దాని పెద్దన్నలాంటి చెల్లో 443లో ఒకే స్వరం పట్టుకుంటాయి. సెకనుకు కంపనాల తేడా మూడు కనుక ధ్వని సెకనుకు మూడుసార్లు హెచ్చి తగ్గుతూ మూడు అలలు కొట్టుకుంటుంది. వాటిని రెండు చేసి, ఒకటి చేసి, చివరికి చదును చేయడానికి పన్నెండు నిమిషాలు. తీగను బిగించే బిరడా తిప్పితే ఒక్కసారిగా జారిపోతుంది కనుక, తీగల కింది కొసలు పట్టి ఉంచే టెయిల్‌పీస్ మీది చిన్న మరతోనే లాగాలి. ఈలోగా స్టేజి దీపాల వేడికి వయొలిన్ ఉక్కు తీగ సాగి శ్రుతి దిగుతుంది, ఎవరి చెయ్యీ పడకుండానే అలలు నాలుగవుతాయి. జనానికి బాగా నచ్చేది ఆ భాగమే.

తర్వాత తీగకు పేపర్ క్లిప్పు. 1940లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ పియానో తీగల మధ్య మరలూ అవీ ఇరికించినప్పటి నుంచి ఇది సంప్రదాయమే, ఆ లెక్కన జానపదం కూడా. వయొలిన్ తీగ మోగే పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. అందులో పావు వంతు, అంటే తీగలను ఎత్తి పట్టే బ్రిడ్జి నుంచి ఎనిమిది సెంటీమీటర్ల చిల్లర దగ్గర క్లిప్పు తగిలిస్తే తీగ గంటలా పలుకుతుంది. కొసను పైకే ఉంచాలి. కమాను అదురుకు అది కిందికి తిరిగి, వేళ్లతో తీగ నొక్కే ఫింగర్‌బోర్డుకు తగిలితే రేకుడబ్బాలో ఈగ మోత. గంటకూ ఈగకూ ముఖం ఒకేలా పెట్టడం వస్తే సాధన పూర్తయినట్టే. చాలామందికి రాదు.

ఇక సౌండు మనిషి. వాద్యానికే అంటించే కాంటాక్ట్ మైకుకు ఒక మెగా ఓమ్ నిరోధంతో ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ కావాలి. ఆయన మైకును నేరుగా, నిరోధం అంతకన్నా చాలా తక్కువుండే మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చుతాడు. మంద్రమంతా ఎగిరిపోయి చెల్లో దోమవుతుంది. విమర్శకుడు అందులో లోహపు ఏకాంతం కనిపెడతాడు.

చివరికి, వరస పేరు నిలబెట్టడానికి, ఒక జోలపాట. మూడు నిమిషాల పాటను ఎనిమిది రెట్లు సాగదీస్తే ఇరవై నాలుగు నిమిషాలు. ఒక్కో స్వరానికి కమాను నాలుగైదుసార్లు మార్చాలి, ఆ మలుపు చెవికి అందకూడదు. నిజంగా కష్టమైన పని ఇదొక్కటే, ఎవరూ గమనించరు. పాటేదో పెద్దలెవరికీ అంతుపట్టదు. ముందు వరసలో పసివాడు మాత్రం పదో నిమిషానికల్లా నిద్రపోతాడు. జానపదమేననడానికి నిర్వాహకులు అంతకుమించి రుజువు అడగరు.