ప్లాన్ రాయడానికి పీరియడ్ ఏదీ?

బడులు తెరిచిన నెలా రెండు నెలల్లో ప్రభుత్వ హైస్కూళ్లలో ఓ పెద్ద రాతపని పూర్తవుతుంది. వార్షిక ప్రణాళిక, యూనిట్ ప్లాన్, పీరియడ్ ప్లాన్ అన్నీ మార్జిన్లు గీసిన లాంగ్ నోట్‌బుక్కుల్లోకి ఎక్కి, హెచ్‌ఎం సంతకంతో బీరువాలోకి చేరతాయి. ఎంఈఓ గానీ తనిఖీ బృందం గానీ వస్తే బయటికొస్తాయి. పోయినేటి పుస్తకాన్నే తేదీలు మార్చి మళ్లీ రాసేవాళ్లున్నారు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌ను ఉన్నదున్నట్టు దించేసేవాళ్లూ ఉన్నారు. ఇందులో ఉపాధ్యాయుల తప్పు కొంతే. చూసేవాళ్లు గళ్లు నిండాయా లేదా అని చూస్తుంటే రాసేవాళ్లు గళ్లే నింపుతారు.

ఈ మొక్కుబడి వల్ల అన్నిటికంటే ఎక్కువ దెబ్బతింటున్నది ఇంగ్లిష్. హైస్కూల్లో ఇంగ్లిష్ పాఠం 'అయిపోయింది' అంటే చాలాచోట్ల అర్థం ఇదీ: టీచర్ పేరా పేరా చదివి తెలుగులో చెప్పారు, ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాశారు, పిల్లలు ఎక్కించుకున్నారు. ఒక్కరి నోట ఒక్క సొంత వాక్యం రాకపోయినా సిలబస్ ముందుకు కదిలినట్టే లెక్క.

లీవ్ లెటర్‌నే తీసుకుందాం. తెలుగు రాష్ట్రాల్లో చదువుకున్న ఎవరికైనా అది కంఠతా వచ్చు. 'యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్...' అని ఆరో తరగతిలో పట్టుకున్న వాక్యాన్ని పదో తరగతిలోనూ వదలరు. అక్క పెళ్లయినా, తాత దినమైనా, వరినాట్లకు అమ్మ వెంట వెళ్లినా మన పిల్లలకు వచ్చేది జ్వరమే. అబద్ధమాడాలని కాదు పాపం, నిజం చెప్పేంత ఇంగ్లిష్ చేతిలో లేక.

ఈ ఒక్క ఉత్తరాన్ని పట్టుకుని వారమంతా నడపొచ్చు. తొమ్మిదో తరగతి, నలభై మంది, ఆరు పీరియడ్లు అనుకుందాం. సోమవారం పుస్తకం తెరవక్కర్లేదు. పోయిన నెలలో ఎవరు ఎందుకు బడి మానారో చెప్పించాలి, తెలుగులో మొదలైనా సరే. వాళ్లు చెప్పిన కారణాలనే టీచర్ చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలుగా బోర్డు మీద పెట్టాలి. తర్వాతి రెండు రోజులు పాఠంలోకి వెళ్లొచ్చు. ఒకరినొకరు ఏదో అడిగే సందర్భం చాలా పాఠాల్లో దొరుకుతుంది. ఎలా అడిగారో, ఏ మాట వాడారో పిల్లలే వెతకాలి. గురువారం గ్రామర్. 'ఐ యామ్ గోయింగ్ ఎస్టర్‌డే' ఎందుకు కుదరదో, 'బికాజ్' తర్వాత ఏం రావాలో గైడులోని వాక్యాలతో పనిలేకుండా సోమవారం వాళ్లు చెప్పిన మాటలతోనే తేలిపోతుంది. శుక్రవారం ఎవరి ఉత్తరం వాళ్లు రాయాలి. జ్వరం మాత్రం నిషిద్ధం. శనివారం నలుగురేసి కూర్చుని ఒకరిది ఒకరు దిద్దుకుంటుంటే, ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న ఏడెనిమిది మందిని టీచర్ దగ్గర కూర్చోబెట్టుకుని చదివించవచ్చు.

ఇదేమీ కొత్త విద్య కాదు. శిక్షణ తరగతుల్లో ఏళ్లుగా చెబుతున్నదే. ఇంగ్లిష్ టీచర్లకు శిక్షణ కోసం 1958లో మొదలైన కేంద్ర సంస్థ, నేటి ఇఫ్లూ, హైదరాబాద్‌లోనే ఉంది. తెలియక జరగడం లేదనుకోవడానికి వీల్లేదు. అసలు చిక్కల్లా మంగళవారం పాఠం సగంలో ఆగితే బుధవారం ఏం చేయాలన్న దగ్గర వస్తుంది. వారం ప్లాన్ అంటే ఆ మార్పు కూడా. పీరియడ్ ప్లాన్ ఫార్మాట్‌లో దానికోసం ఒక గడి ఉంది, పాఠం అయ్యాక టీచర్ తన అభిప్రాయం రాసుకోవడానికి. బీరువాల్లోని నోట్‌బుక్కులు తీసి చూస్తే ఆ గడి ఖాళీగానైనా ఉంటుంది, 'విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నారు' అనైనా ఉంటుంది. పాఠం చెప్పకముందే రాసిన మాట అది!

కార్పొరేట్ స్కూళ్లలో ఈ గొడవ లేదంటారు. నిజమే, అక్కడ మైక్రో షెడ్యూల్ అచ్చయి వస్తుంది. ఏ తేదీన ఏ పేజీ అన్నది అన్ని బ్రాంచీలకూ ఒకటే. క్లాసులో సగం మందికి అర్థం కాకపోయినా రేపటి పేజీ రేపే. దాన్ని ఆదర్శంగా తీసుకోవాల్సిన పనిలేదు. ఏ నెలలో ఏ యూనిట్ అన్నది అకడమిక్ క్యాలెండర్ చెప్పనివ్వండి. ఆ వారం లోపల ఏం జరగాలన్నది మాత్రం ఆ పిల్లల్ని రోజూ చూసే టీచర్ చేతిలోనే ఉండాలి.

అందుకు కావాల్సింది సమయం. విద్యాహక్కు చట్టం, 2009 షెడ్యూల్ చూడండి. టీచర్‌కు వారానికి కనీసం 45 పని గంటలు అంటూనే, పాఠానికి సిద్ధమయ్యే సమయం కూడా అందులో భాగమని స్పష్టంగా రాసింది. అంటే ప్లాన్ చేసుకోవడం టీచర్ ఇంటికెళ్లి, వంటా వార్పూ ముగించి, రాత్రి పదింటికి చేసుకోవాల్సిన సొంత పని కాదు, డ్యూటీయే. ఆ చట్టం వర్తించేది ఎనిమిదో తరగతి దాకానే అయినా, హైస్కూల్లో ఎనిమిదికీ పదికీ చెప్పేది చాలాచోట్ల ఒకే సబ్జెక్టు టీచర్ (స్కూల్ అసిస్టెంట్). టైమ్‌టేబుల్‌లో ఆయనకు దొరికే లీజర్ పీరియడ్ ఏమవుతోంది? సెలవులో ఉన్న టీచర్ క్లాసుకు సర్దుబాటు. లేదంటే మధ్యాహ్న భోజనం లెక్క, యాప్‌లో ఫొటోల అప్‌లోడ్. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులు అప్పజెప్పొద్దని అదే చట్టం 27వ సెక్షన్ చెబుతున్నా, సర్వర్ బిజీగా ఉందన్న టెన్షన్‌లో గడిచే పీరియడ్లు ఎన్నో.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది తరగతుల దాకా ఇంగ్లిష్ మీడియం తెచ్చారు. ఆనాటి ఎనిమిదో తరగతి పిల్లలు 2025లో పది పరీక్షలు రాసేశారు. మీడియం మంచిదా చెడ్డదా అన్న వాదన జోలికి ఇప్పుడు పోవడం లేదు. కానీ సైన్సూ సోషలూ ఇంగ్లిష్‌లోకి మారాక ఇంగ్లిష్ పీరియడ్ బరువు పెరిగింది. భౌతికశాస్త్రం పాఠంలో ఈ వారం ఏ మాటలు పిల్లలకు అడ్డం పడుతున్నాయో ఇంగ్లిష్ టీచర్‌కు తెలియాలంటే ఇద్దరూ ఒక అరగంట కూర్చోవాలి. ఆ అరగంట ఏ టైమ్‌టేబుల్‌లోనూ లేదు.

పరీక్షల సంగతి ఒక ముక్కలో చెప్పొచ్చు. పదో తరగతిలో 11 పేపర్లు పోయి ఆరు వచ్చినా, పబ్లిక్ పరీక్ష పూర్తిగా రాతే. వినడానికీ మాట్లాడటానికీ అందులో మార్కుల్లేవు. జనవరి నుంచి స్పెషల్ క్లాసులు, స్లిప్ టెస్టులు, స్టడీ మెటీరియల్ వచ్చిపడితే ఎంత చక్కటి వారం ప్లానైనా గల్లంతే. కనీసం తొమ్మిదో తరగతి దాకానైనా ఇంటర్నల్ మార్కుల్లో మాట్లాడే పరీక్షకు వాటా ఇస్తే సోమవారం క్లాసుకు విలువ వస్తుంది.

మేం కోరేది పెద్దదేం కాదు. లాంగ్ నోట్‌బుక్ స్థానంలో వారానికి ఒక్క పేజీ చాలనాలి. తనిఖీకి వచ్చినవారు ఆ పేజీ చూసి, పోయిన వారం అనుకున్నదాంట్లో ఏం మార్చారని అడగాలి. వెనక బెంచీ పిల్లలు ముగ్గురి నోట్సు తెప్పించుకుని చూడాలి. ఇంగ్లిష్ టీచర్ ఒక్కరే ఉన్న బడులకు, చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక పూట వచ్చే నెల పాఠాలకే కేటాయించాలి. ఏటా జూన్‌లో బడులు తెరిచిన కొద్ది రోజులకే టైమ్‌టేబుల్ ఖరారవుతుంది. ఇంగ్లిష్ టీచర్ వరసలో 'ప్లానింగ్' అని ఒక పీరియడ్ వేయడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. దాన్ని సర్దుబాటుకు వాడకుండా చూడాల్సింది హెచ్‌ఎం. ఆ హెచ్‌ఎంను గంటకో రిపోర్టు అడగకుండా ఉండాల్సింది జిల్లా విద్యాశాఖ.