ముగ్గురు అతిథులు, సున్నా విస్తళ్ళు

నాలుగు రోజులుగా లిఫ్ట్ ఎక్కడం మానేసి మెట్ల మీదే తిరుగుతున్నాను. మాది నాలుగో అంతస్తు. డాక్టరు నడవమన్నాడని అందరికీ చెబుతున్నాను. అసలు కారణం లిఫ్టులో 302 ఆయన ఎదురవుతాడని.

ఆగస్టు 15 సాయంత్రం మా అపార్టుమెంటు సెల్లార్లో కార్లన్నీ బయటికి తీయించి, నాలుగు బల్లలు కలిపి స్టేజీ కట్టారు. పిల్లల డాన్సులయ్యాక పెద్దవాళ్ళకి ఒక సరదా ఆట. ప్రశ్న రెండు రోజుల ముందే వాట్సాప్ గ్రూపులో వచ్చింది: మీరు అభిమానించే ముగ్గురు ప్రముఖుల్ని మీ ఇంటికి రాత్రి భోజనానికి పిలవాలి, బతికున్నవాళ్ళయినా సరే, కీర్తిశేషులైనా సరే. ఎవరిని పిలుస్తారు, ఎందుకు? కింద సెక్రటరీ గారి నిబంధన: ఒకరు చెప్పిన పేరు ఇంకొకరు చెప్పరాదు. ఈయనకి నిబంధనలంటే ప్రాణం. పైన ట్యాంకు పొంగి కారిడార్లో నీళ్ళు పారుతున్నా సరే, మోటారు ఆపే అధికారం ఎవరిదో తేల్చాకే ఆపుతారు.

నేను బాగానే తయారయ్యాను. ఆఫీసు పనికి కూడా అంత ఆలోచించను. మొదటి పేరు డొక్కా సీతమ్మ గారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా పొయ్యి వెలిగించి వండిపెట్టిన తల్లి. ‘జీవితమంతా వడ్డించిన ఆవిడని ఒక్కపూట పీట మీద కూర్చోబెట్టి మనం వడ్డించాలి’ అని నా డైలాగు. దీనికి కనీసం పదిమంది ఆడవాళ్ళ కళ్ళు చెమరుస్తాయని లెక్క వేసుకున్నాను. రెండు, కాటన్ దొర. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టేశాడు. ‘ఆ నీళ్ళతో పండిన బియ్యాన్నే అన్నం వండి ఆయనకి పెట్టాలి’ అని రెండో డైలాగు. మూడు, బాలు గారు. ఆయనొస్తే పాటలుంటాయి, కబుర్లుంటాయి, కూర బాగా లేకపోయినా ఎవరూ గమనించరు.

ఇంత మంచి జాబితాని గుట్టుగా దాచుకోవాలి కదా. దాచుకోలేదు. ముందురోజు లిఫ్టులో 302 ఆయన “ఏమండీ, ఎవరిని పిలుస్తున్నారు?” అని అడిగాడు. మూడో అంతస్తు వచ్చేలోపు పేర్లూ చెప్పాను, డైలాగులూ చెప్పాను. పీట దగ్గర చెయ్యి ఎలా చూపించాలో కూడా చూపించాను. ఆయన తల ఊపి, “బావుందండీ, బాగా ఆలోచించారు” అని దిగిపోయాడు.

స్టేజీ మీదికి ఫ్లాటు నంబర్ల వరసలో పిలిచారు. మూడొందల రెండు తర్వాతే నాలుగొందల నాలుగు వస్తుందన్న సంగతి ఒకటో తరగతి పిల్లాడికి తెలుసు.

302 ఆయన మైకు అందుకుని, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, “జీవితమంతా వడ్డించిన ఆ తల్లిని…” అన్నాడు. చెయ్యి నేను చూపించినట్టే చూపించాడు. కళ్ళు చెమర్చాయి, అందరివీ. నావి కూడా, కాకపోతే కారణం వేరు. అక్కడితో ఆగినా బాగుండేది. 1903లో ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వార్షికోత్సవానికి ఆహ్వానం పంపినా ఆవిడ వెళ్ళలేదని కూడా చేర్చాడు. ఆ ముక్క నా జాబితాలో లేదు. ఎత్తుకుపోయిన గిన్నెకి కళాయి కూడా వేయించాడన్నమాట. కాటన్ దొర, బాలు గారు వరసగా నా కళ్ళముందే 302లోకి భోజనానికి వెళ్ళిపోయారు.

మధ్యలో ఎవరెవరు ఏం చెప్పారో నాకు వినపడలేదు. “నెక్స్ట్, 404 అంకుల్!” అంది యాంకరమ్మాయి. నాకు నలభై ఆరు. సరే, అది తర్వాత.

మైకు చేతిలోకి వచ్చాక బుర్రలో ఒక్క పేరు లేదు. ఈ దేశంలో ఇన్ని కోట్లమంది పుట్టారు, ఒక్కరు గుర్తొస్తే ఒట్టు. కాసేపు నవ్వాను. తర్వాత నా కళ్ళు వెనకున్న ఫ్లెక్సీ మీద పడ్డాయి. దాని నిండా మా వీధి చివర టైల్స్ షాపాయన దండం పెడుతూ నిలబడ్డాడు, ఖర్చు ఆయనది కాబట్టి. ఆయన మోచేతి కింద తపాలా బిళ్ళలంత సైజులో దేశనాయకులు వరసగా ఉన్నారు. పరీక్షలో పక్కవాడి పేపరు దొరికినంత సంబరపడ్డాను.

“గాంధీ గారు!” అన్నాను. చప్పట్లు. “పొట్టి శ్రీరాములు గారు!” ఇంకా చప్పట్లు. మూడో ఆయన ముఖానికి స్టేజీ వెదురు గెడ అడ్డొచ్చింది కానీ టోపీ కనిపించింది. “భగత్ సింగ్!” సెల్లారు దద్దరిల్లింది. ఆ ఊపులో, ఎవరూ అడక్కుండానే, మైకు నోటికి ఆనించి అన్నాను: “ఈ ముగ్గురికీ కడుపునిండా అన్నం పెట్టి, వద్దు వద్దంటున్నా కొసరి కొసరి వడ్డించాలని నా చిరకాల కోరిక.”

చప్పట్లు కొట్టడానికి లేచిన చేతులు లేచినట్టే ఆగిపోయాయి. ముందు వరసలో చాప మీద కూర్చున్న ఐదో తరగతి పిల్ల లేచింది. “అంకుల్, పొట్టి శ్రీరాములు గారు అన్నం తినకుండానే కదా చనిపోయారు? మా బుక్‌లో ఉంది.”

ఆ తర్వాతి నిశ్శబ్దం పది సెకన్లుండి ఉంటుంది. ఆ పది సెకన్లలో నేను నా ఇంట్లో ఆ విందు మొత్తం జరిపించేశాను. ముందు గాంధీ గారొచ్చారు. కానీ ఎప్పుడొచ్చారు? 1915లో హరిద్వార్ కుంభమేళా దగ్గర ఆయన రెండు నియమాలు పెట్టుకున్నారు. ఒకటి, చీకటి పడ్డాక తినకూడదు. నేను పిలిచింది రాత్రి భోజనానికి. పోనీ పొద్దు గుంకకముందే వడ్డిద్దామంటే, మా ఇంట్లో ఆరింటికి ఇంకా సాయంత్రం కాఫీ గిన్నెలే సింకులో ఉంటాయి. రెండో నియమం, రోజు మొత్తంలో ఐదు పదార్థాలే తినాలి. ఐదు కూరలు కాదండోయ్, ఐదు పదార్థాలు. మా ఇంట్లో అతిథి వస్తే పులిహోర తప్పదు. అన్నం ఒకటి, చింతపండు రెండు, నూనె మూడు, పసుపు నాలుగు, ఉప్పు ఐదు. అంతే, కోటా అయిపోయింది. ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ అన్నీ గుమ్మం బయటే. పోపు లేని పులిహోర పెట్టి జాతిపితని పంపించానని చుట్టాల్లో తెలిస్తే నా బతుకేం కాను? ఉప్పూ పప్పూ సంగతి ఇంకోటి. దక్షిణాఫ్రికాలో కస్తూర్బా గారి ఆరోగ్యం కోసం ఆ రెండూ మానెయ్యమని ఈయన బతిమాలితే, చెప్పడం తేలికే, మీరు మానగలరా అన్నట్టు ఆవిడ అడిగారట. అక్కడికక్కడే ఏడాదిపాటు మానేస్తున్నానన్నారు ఈయన. అలాంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని మా ఆవిడ ముందు ‘పప్పులో ఉప్పు తక్కువైంది’ అనగలనా? పాలైనా ఇద్దామా అంటే ఆవుపాలు, గేదెపాలు కుదరవు, మేకపాలు కావాలి. విజయవాడలో మూడో లైనులో రాత్రి ఎనిమిదింటికి మేకపాలు ఎక్కడ దొరుకుతాయి? మేక దొరుకుతుంది, కానీ దాన్ని ఆ వేళకి వేరే పనికి వాడేసి ఉంటారు.

ఈ లోపల భగత్ సింగ్‌కి రొట్టెలు చెయ్యడం మా ఇంట్లో ఎవరికీ రాదన్న సంగతి కూడా గుర్తొచ్చింది. అయినా పంజాబీ కదా, హోటల్నుంచి తెప్పిద్దాం, కనీసం ఈయనొక్కడైనా తింటాడు అని ధైర్యం చెప్పుకున్నాను.

సరిగ్గా అప్పుడు 501 మాస్టారు లేచారు. రిటైరైన హిస్టరీ మాస్టారు. ఆయన లేస్తే అధ్యాయం పూర్తయ్యేదాకా కూర్చోరు. “భగత్ సింగ్ కూడా నిరాహార దీక్ష చేసినవాడేనయ్యా. 1929లో, జైల్లో. రాజకీయ ఖైదీలని మనుషుల్లా చూడమని. తోటి ఖైదీ జతిన్ దాస్ 63 రోజులు తినకుండా ప్రాణం వదిలాడు. భగత్ సింగ్‌ది 116 రోజులని అంటారు.”

నూట పదహారు. మనం పెళ్ళిళ్ళలో కవరు మీద రాసి చదివించే అంకె. ఇకమీదట ఏ పెళ్ళికెళ్ళినా నాకు ఈ సెల్లారే గుర్తొస్తుంది.

“అంటే అంకుల్, మీ గెస్టులు ముగ్గురూ ఫాస్టింగే!” అంది యాంకరమ్మాయి, మైకులో, స్పీకర్లు అదిరేలా. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో, “404 వదినగారు అదృష్టవంతురాలమ్మా, స్టవ్ వెలిగించే పనే లేదు” అన్నారు. నవ్వులు నవ్వులు కావు. నెలరోజులుగా మెయింటెనెన్స్ గొడవల్లో ఎడమొహం పెడమొహంగా ఉన్న 203, 204 వాళ్ళు కూడా ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు.

అక్కడితో దిగిపోతే సరిపోయేది. పరువు ఇంకా ఏదో మిగిలినట్టనిపించి, “అదే కదా నా ఉద్దేశం! నిమ్మరసం ఇచ్చి నా చేత్తో దీక్ష విరమింపజేద్దామని!” అన్నాను.

మాస్టారు ఇంకా కూర్చోలేదు. “శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టారు. 58 రోజులు. నీకంటే ముందు చాలామంది విరమించమని బతిమాలారు నాయనా. ఆయన విరమించలేదు. అందుకే మనకి రాష్ట్రం వచ్చింది” అన్నారు, నెమ్మదిగా, మైకు లేకుండానే. ఎవరూ నవ్వలేదు. నాకు ఆ క్షణం నిజంగా సిగ్గేసింది. నిమ్మరసం అన్న నోరు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత సెక్రటరీ గారు గొంతు సవరించుకుని, “టైమ్ అయిపోయింది, నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి రెండు నిమిషాలే” అన్నారు. నా మూడేళ్ళ అద్దెకాలంలో ఆయన నిబంధన నాకు పనికొచ్చింది అదొక్కసారే.

మొదటి బహుమతి 302కి. పెద్ద హాట్‌ప్యాక్. సీతమ్మ గారి పేరు చెప్పి అన్నం గిన్నె గెలుచుకున్నాడు.

భోజనాల దగ్గర నేను ప్లేటు తీసుకోబోతుంటే సెక్రటరీ గారు కేటరింగ్ కుర్రాడితో, “సార్‌ని ఒకసారి అడిగి పెట్టవయ్యా, ఆయన టీమంతా ఉపవాసం” అన్నారు. ఆ కుర్రాడికి జోకు తెలియదు కదా. నిజమే అనుకుని అరటిపండు తెచ్చి చేతిలో పెట్టాడు. తొక్క తీసి తిన్నాను. అప్పుడు వరసలో మళ్ళీ వెనక్కి వెళ్ళి నిలబడేంత ధైర్యం నాకు లేదు.

రాత్రి మా ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. లైటు తీసేశాక అంది. “ఆ మూడు పేర్లూ లిఫ్టులో పరాయివాడికి చెప్పారు. నాకు ఒక్కసారైనా చెప్పారా?”

“ఆటే కదా అని…”

“నన్నడిగుంటే కలాం గారిని పిలవమనేదాన్ని. 2006లో ఆయన చుట్టాలు యాభై మంది దాకా రాష్ట్రపతి భవన్‌కి వచ్చి ఉంటే, ఖర్చంతా లెక్క కట్టించి మూడు లక్షల యాభై రెండు వేలు తన జేబులోంచి కట్టారట. టీలకి కూడా. శాకాహారి, తినేది కాస్తే. అలాంటి మనిషిని ఎన్నిసార్లైనా పిలవచ్చు. మీ అన్నయ్యగారు ఎండాకాలంలో పదకొండు రోజులుండి వెళ్ళారు. ఒక్క పాల ప్యాకెట్టు తెచ్చారా?”

ఇందులో మా అన్నయ్య ఎలా వచ్చాడో నాకిప్పటికీ తెలియదు. కానీ కలాం గారి పేరు నిజంగానే బాగుంది. ఎవరూ చెప్పలేదు కూడా. అర్ధరాత్రి రెండింటి వరకూ ఆ పేరుతో డైలాగు రాసుకుంటూ పడుకున్నాను, చప్పట్లు కూడా వినిపించాయి.

ఈరోజు ఇరవై ఐదు కేజీల బియ్యం బస్తా కొనుక్కొచ్చాను. దాంతో మెట్లెక్కితే డాక్టరు అబద్ధం కాస్తా నిజమయ్యేలా ఉందని, అటూ ఇటూ చూసి, లిఫ్టెక్కాను. తలుపు మూసుకుంటుండగా చెయ్యి అడ్డం పెట్టి 302 ఆయన ఎక్కాడు. మూడు అంతస్తులూ ఇద్దరం బస్తానే చూస్తూ నిలబడ్డాం. ఆయన దిగాడు. దిగినవాడు వెళ్ళకుండా, తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి నవ్వాడు.

“వినాయక చవితికి పాటల పోటీ అటగా. మీరేం పాడుతున్నారు సార్?”

చెప్పాను.