ఏడిళ్ళ పొయ్యి

పదిమందిలో పాము చావదని సామెత కట్టినవాడికి ఫ్రాన్సు వెళ్ళే యోగం పట్టలేదు. పట్టి ఉంటే, పాము చావడం అసలు ముఖ్యమే కాదనీ, పదిమందీ కర్రలు పట్టుకుని ఒకేచోట నిలబడి ఉండటమే ఘనకార్యమనీ తెలుసుకునేవాడు.

దక్షిణ ఫ్రాన్సులో కదరాష్ అనేచోట ఏడిళ్ళవాళ్ళు కలిసి ఒక పొయ్యి కడుతున్నారు. ఐరోపా సమాఖ్య, అమెరికా, రష్యా, చైనా, జపాన్, దక్షిణ కొరియా, మనం. పొయ్యి పేరు ఇటర్. లాటిన్‌లో ఆ మాటకు ‘దారి’ అని అర్థం. ‘గమ్యం’ అని పెట్టుకోలేదు చూడండి, పెద్దల ముందుచూపు అంటే అదీ.

ఇందులో మండేది కట్టెలు కావు, హైడ్రోజన్. తేలికపాటి పరమాణువుల కేంద్రకాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వేడిని వదిలే పని సూర్యుడి కడుపులో రోజూ జరిగేదే. దాన్నే భూమ్మీద చేయించాలని ప్రయత్నం. సూర్యుడంత బరువు మన దగ్గర లేదు కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి అక్కడికంటే పదింతల వేడి కావాలి. అంటే 15 కోట్ల డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో బస్సు కోసం నిలబడ్డవాళ్ళకు ఇదో లెక్క కాకపోవచ్చు గానీ, ఆ వేడికి ఆగే పాత్ర లోకంలో లేదు. అందుకని ఆ మంటను దేనికీ తగలకుండా అయస్కాంతాల పట్టులో నిలబెడతారు. ఆ అయస్కాంతాలు పనిచేయాలంటేనేమో మైనస్ 269 డిగ్రీల చలిలో ఉండాలి. నడుమ దూరం కొద్ది మీటర్లే.

అయితే ఇదంతా భౌతికశాస్త్రం, అంటే సులువైన భాగం. అసలు కష్టమంతా ఏడు ప్రభుత్వాలను ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టడంలో ఉంది.

1985 నవంబరులో జెనీవాలో అమెరికా అధ్యక్షుడు రీగన్, సోవియట్ నేత గోర్బచెవ్ కలిశారు. ఒకరి మీద ఒకరు గురిపెట్టుకున్న క్షిపణుల సంగతి తేలలేదు. ఏదో ఒక మంచిమాట చెప్పకుండా లేచిపోతే బాగుండదనుకున్నారో ఏమో, ఈ నిప్పును రాజేసే పనిలో దేశాలన్నీ కలవాలన్న ముక్క ఉమ్మడి ప్రకటనలో చేర్చారు. ఆ ముక్క 2006 నవంబరులో పారిస్‌లో ఒప్పందమైంది. ఇరవయ్యొక్క ఏళ్ళు! ఈలోగా సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది, ఫైలు మాత్రం చెక్కుచెదరలేదు. 1990ల చివర్లో అమెరికా అలిగి వెళ్ళిపోయి 2003లో తిరిగొచ్చింది. కెనడా వచ్చి, కాసేపు కూర్చుని, వెళ్ళిపోయింది. పొయ్యి నా పెరట్లో అంటే నా పెరట్లో అని ఫ్రాన్సు, జపాన్ తగువుపడ్డాయి. 2005లో ఫ్రాన్సు నెగ్గింది. జపాన్ మనసు కష్టపెట్టుకోకుండా మొదటి డైరెక్టర్ జనరల్ పదవి, వాటాకు మించి ఉద్యోగాలు, తన గడ్డ మీద వేరే పరిశోధన పనులు ముట్టజెప్పారు. మన వైపు మేనరికం తప్పిపోయిన మేనమామకు కూడా ఇన్ని మర్యాదలు జరగవు.

ఇక వాటాల సంగతి. ఇంటాయన కాబట్టి ఐరోపాది దాదాపు 45 శాతం, మిగతావాళ్ళది తలా తొమ్మిది. అదీ చాలావరకు డబ్బు రూపంలో కాదు, సామాను రూపంలో. ఎందుకంటే పొయ్యి కావాలన్న ఆత్రం ఎవరికీ అంతగా లేదు, పొయ్యి కట్టే విద్య తనకు రాకుండా పక్కవాడికి వచ్చేస్తుందన్న బెంగే అందరికీ. తొమ్మిది శాతం ఇచ్చి నూరు శాతం నేర్చుకోవచ్చు. మరి అందరూ నేర్చుకోవాలంటే అందరూ చేయాలి కదా! అయస్కాంతాల్లో చుట్టే నియోబియం-టిన్ తీగ లక్ష కిలోమీటర్లకు పైమాటే. భూమధ్యరేఖ చుట్టూ రెండున్నర చుట్లు వస్తుంది. దాన్ని ఒక్కరు చేస్తే తొందరగా అయిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆరిళ్ళవాళ్ళు పంచుకున్నారు. ఒక్క జడకు ఆరుగురు దువ్వెనలు పట్టుకున్నారన్నమాట. మంట తగలకుండా దాని చుట్టూ ఉండే నడిమి పాత్రకు తొమ్మిది ముక్కలు. అయిదు ఐరోపావి, నాలుగు కొరియావి. ఒక్కోటి 440 టన్నులు. తీరా కలిపి అతకబోతే కొన్ని అంచులు కొలతకు రాలేదు, వేడిని అడ్డే కవచం మీది గొట్టాలకు బీటలు. 2022లో ఈ సంగతి బయటపెట్టి మరమ్మతుకు దిగారు. దర్జీ కుట్టిన జాకెట్టు పెళ్ళినాడు పట్టకపోవడం మనకు తెలిసిన విషయమే. దర్జీలు రెండు ఖండాల్లో ఉంటే చెప్పేదేముంది.

మన వాటా మాటకొస్తే, ఊరంతా పొయ్యి కడుతుంటే మనం ఫ్రిజ్జు పంపించాం. హాస్యం కాదు. పొయ్యిని మొత్తంగా చుట్టి ఉండే క్రయోస్టాట్ మనదే. 3,850 టన్నుల ఉక్కు, ఎత్తూ వెడల్పూ చెరో 29 మీటర్లు. గుజరాత్‌లోని హజీరాలో చేసి ముక్కలుగా ఓడలెక్కించారు. అసలు అది ఫ్లాస్కు లాంటిది, గాలి తీసేసిన డబ్బా. పత్రికలు ప్రపంచంలోనే పెద్ద ఫ్రిజ్జు అని రాశాయి, మనమూ కాదనలేదు. ఆ ముక్కలు దిగిన రేవు నుంచి కదరాష్ దాకా 104 కిలోమీటర్ల దారిని ఫ్రాన్సువాళ్ళు వెడల్పు చేసి, వంతెనలను గట్టిపరిచి సిద్ధం చేశారు. ముఖ్యమంత్రి రాకపోయినా రోడ్డు వేస్తారని తెలిసి కాస్త కలవరపడ్డాను.

పొయ్యి ఎప్పుడు వెలుగుతుందని అడిగేవాళ్ళుంటారు. 2016 అన్నారు. తర్వాత 2025 అన్నారు. 2024లో కొత్త పట్టిక ఇచ్చారు: ప్రయోగాలు 2034లో మొదలు, అసలు ఇంధనం వేసేది 2039లో. అన్నీ కుదిరితే 50 మెగావాట్ల వేడి పెట్టి 500 తీస్తారు. దాంతో కరెంటు మాత్రం తీయరు, ఇది ప్రయోగం. కరెంటు తీసే పొయ్యి దీని తర్వాతది. దానికి అప్పుడే డెమో అని పేరు కూడా పెట్టారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

బడి మాత్రం వెంటనే తెరిచారు. ఇటర్ ఉద్యోగుల పిల్లల కోసం పక్కనున్న మనోస్క్ ఊళ్ళో 2007లోనే అంతర్జాతీయ పాఠశాల నడవడం మొదలైంది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లకు పొయ్యిలో తొలి నిప్పురవ్వ లేచేనాటికి ముప్పై దాటతాయి. ఇంత ఓపిగ్గా ప్రతిఫలం ఇచ్చే విద్యాసహకారం ఇంకెక్కడైనా ఉందా?

ఓపిక లేనివాళ్ళూ ఉన్నారనుకోండి. 2025 జనవరిలో చైనా తన సొంత యంత్రంలో ప్లాస్మాను, అంటే అయస్కాంతాల పట్టులో ఉండే ఆ మంటను, 1,066 సెకన్లు నిలబెట్టింది. నెల తిరక్కుండా ఫ్రాన్సు 1,337 సెకన్లు నిలిపింది. ఫ్రాన్సు యంత్రం ఎక్కడనుకున్నారు? కదరాష్‌లోనే, ఇటర్ పక్కనే. ఉమ్మడి పొయ్యి దగ్గర వంతులవారీగా ఉఫ్ ఉఫ్ అని ఊదడం, ఇంటికెళ్ళి ఎవరి కుంపటి వాళ్ళు అంటించుకోవడం. ఉమ్మడి కుటుంబాలు చూసినవాళ్ళకు ఇందులో తప్పేమీ కనపడదు.

ఒక్క విషయంలో మాత్రం నా వెటకారానికి మాట తడబడుతుంది. 2022 నవంబరులో, ఉక్రెయిన్ యుద్ధం రగులుతుండగా, సెయింట్ పీటర్స్‌బర్గ్ రేవు నుంచి ఒక ఓడ బయల్దేరింది. అందులో రష్యా వాటా కింద చేసిన అయస్కాంతపు చుట్ట ఉంది, తొమ్మిది మీటర్ల వెడల్పు, 200 టన్నులు. ఆంక్షలు ఆంక్షలే, అలకలు అలకలే. ఫిబ్రవరికల్లా అది ఫ్రాన్సులో దిగింది.

మొన్న మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఇదంతా వివరంగా చెప్పాను. పధ్నాలుగు నెలలుగా లిఫ్టు ఆగిపోయి ఉంది. తాడు ఒకరు, మోటారు ఒకరు, తలుపు ఒకరు తెస్తామని ఏడు ఫ్లాట్లవాళ్ళం మాటిచ్చుకున్నాం. తలుపు వచ్చింది గానీ పట్టలేదు. సెక్రటరీగారు శ్రద్ధగా విని, మినిట్స్ పుస్తకంలో ‘తొలి కదలిక: 2034’ అని రాసుకున్నారు. మూడో అంతస్తు మామ్మగారు మాత్రం మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతూ, “నాయనా, ఆ ఫ్రాన్సు వాళ్ళది ఎన్నో అంతస్తు?” అని అడిగారు.