నూటికి నూరు సరే, తొమ్మిదిలో ఉన్న పిల్లలేరి?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో మా మేనల్లుడు చదివిన సర్కారు హైస్కూల్ గేటుకి మళ్లీ ఫ్లెక్సీ కట్టారు, మెట్రిక్‌లో (అంటే పదో తరగతి పరీక్షలో) నూటికి నూరు శాతం పాస్ అని. సంతోషమే. మావాడూ పాసయ్యాడు, డి గ్రేడు. అంటే 600కి 300 కూడా రాలేదు. ఏ1 రావాలంటే 540 కావాలి, అది తెచ్చుకున్న ఒక్క అమ్మాయి ఫొటోనే ఫ్లెక్సీ నిండా ఉంది.

నా కడుపుమంట అది కాదు. తొమ్మిదిలో మావాడి బెంచి మీద నలుగురు కూర్చునేవాళ్లు. మెట్రిక్ రాసింది ఇద్దరు. ఒకడు తొమ్మిది తప్పాక బడి మానేసి పాతపట్నంలో టెంట్ హౌస్‌లో చేరాడు (ఈ ఫ్లెక్సీకి కర్రలు కట్టింది వాడే, ఒట్టు), ఇంకొకడికి "ఓపెన్ స్కూల్లో రాసుకో బాబూ" అని సార్లే చెప్పారట. ఈ ఇద్దరూ ఏ శాతంలోనూ లేరు. పరీక్ష హాలు దాకా వచ్చినవాళ్లనే లెక్కపెడితే ఎవరికైనా నూరు వస్తుంది కదండీ!

2009 విద్యాహక్కు చట్టంలో ఎనిమిది దాకా ఎవర్నీ ఆపకూడదన్నారు. 2019లో సవరించి 5, 8 తరగతుల్లో ఆపడం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. ఆపాలని నేను అనను. పై తరగతికి పంపిన పిల్లాడికి ఏం రాలేదో ఎవరైనా చూశారా అన్నదే నా గొడవ.

మావాడు ఎనిమిదిలో ఉండగా వడ్డీ లెక్కల్లో సున్నా తెచ్చుకున్నాడు. మా బావది కిరాణా కొట్టు, అరువు ఖాతా వీడే రాస్తాడు, నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే వేళ్లు మడవకుండా చెప్పేస్తాడు. మరి ఇదేంట్రా అంటే, "సుధ అని ఉంది మావయ్యా, ఎవరో అమ్మాయి అనుకున్నాను" అన్నాడు. ఇంట్లో మాది తెలుగు, బడి పుస్తకాలు ఒడియా. ఒడియాలో సుధ అంటే వడ్డీ! నవ్వాను గానీ, ఎన్నేళ్ల నుంచి ఇలా ఊహించుకుంటూ నెట్టుకొస్తున్నాడో అనిపించింది. బజారు ఒడియా మా పిల్లలందరికీ వచ్చు, బేరాలాడతారు, తిట్టుకుంటారు కూడా. పుస్తకం ఒడియా వేరు. లెక్క రాలేదా, మాట తెలియలేదా అని కనుక్కునే సారు ఒక్కరుంటే చాలు. స్మార్ట్ బోర్డు వచ్చింది, గోడలకి రంగులేశారు, బాగుంది, కాదనను, కానీ ఆ ఏడాదంతా లెక్కల సారు పోస్టు ఖాళీ, సైన్స్ సారు వచ్చి జవాబులు బోర్డు మీద రాసి వెళ్లిపోయేవారు.

గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే పాఠాలు చెప్పారు. సవర గిరిజన పిల్లలకి వాళ్ల మాటల్లోనే చదువు చెప్పాలని తాను సవర భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది, ఒడియా నేర్చుకోవాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. నేర్పండి అనే అడుగుతున్నాను, వచ్చేసిందనుకుని వదిలేయకండి.

శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది, మేనకోడలు ఇప్పుడు అక్కడే ఎనిమిది చదువుతోంది. తొమ్మిదిలో ఎన్ని పేర్లుండేవి, అందులో మెట్రిక్ ఫారం నింపింది ఎంతమంది, ఈ రెండు అంకెలే అడుగుతాను. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెడతా. మీ పిల్లలూ అక్కడే చదువుతుంటే పది గంటలకి రండి, ఒక్కణ్నే వెళ్లి అడిగితే "నీకెందుకయ్యా, మీవాడు పాసయ్యాడు కదా" అంటారు.