ఏడో వంతు అంకణంలో నందనవనం

నెల్లూరులో కొత్తగా లేచిన ఒక అపార్ట్‌మెంట్ వాళ్లకు ఒంటరిగా బతికేవాళ్ల మీద జాలి కలిగింది. ఆ జాలిని నునుపు కాగితం మీద నాలుగు రంగుల్లో అచ్చేసి ఇంటింటికీ పంచారు. 'ఒక్కరికి సరిపడా ఇల్లు, మనసుకి సరిపడా పచ్చదనం' అట. అపార్ట్‌మెంట్ పేరు చెప్పను గానీ అందులో 'వనం' అన్న మాట ఉంది. అది కట్టడానికి ఒక వేపచెట్టు, రెండు మామిడిచెట్లు కొట్టేశారు కాబట్టి వాటి జ్ఞాపకార్థం పెట్టి ఉంటారు. కాగితం మీద బొమ్మలో జుట్టు నెరిసిన ఒక పెద్దావిడ (జుట్టు నెరిసింది గానీ ముఖం మీద ఒక్క ముడతా లేదు) ఆకుల మధ్య కూర్చుని కాఫీ తాగుతోంది. ఆ ఆకుల్లో ఒక్క పండుటాకు లేదు, ఒక్కదానికీ పురుగు కొట్టిన చిల్లి లేదు. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

మా పిన్నమ్మకు డెబ్బై ఒకటి. బాబాయి పోయి ఆరేళ్లయింది, కొడుకు బెంగళూరులో ఉంటాడు. "చూసొద్దాం పద అబ్బయా, చెట్లున్నాయంట" అంది. పోయాం. రోహిణి కార్తె, పగలు పదకొండు గంటలు. సేల్స్ కుర్రాడు టై కట్టుకుని ఎదురొచ్చాడు. రోహిణి కార్తెలో నెల్లూరులో టై కట్టుకోగలిగినవాడు ఏదైనా అమ్మగలడు.

హాలు, వంటిల్లు, పడగ్గది అన్నీ రెండు నిమిషాల్లో అయిపోయాయి. ఆ తర్వాత అతను గొంతు తగ్గించి, గర్భగుడి తలుపు తీస్తున్న పూజారిలాగా అద్దం తలుపు జరిపాడు. "ఇదే మేడమ్, మీ పర్సనల్ గార్డెన్."

నాలుగు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. అంటే పది చదరపు అడుగులు. మన దగ్గర అంకణమంటే 72 చదరపు అడుగులు గనక, ఈ తోట అంకణంలో ఏడో వంతుకు కూడా రవ్వంత తక్కువే. అందులో సగం ఏసీ బయటి పెట్టె తినేసింది. మిగిలిన సగంలో ఆకుపచ్చ ప్లాస్టిక్ గడ్డి. గోడకు ప్లాస్టిక్ తీగలు, అవి జారిపోకుండా తెల్లటి ప్లాస్టిక్ ట్యాగులు.

పిన్నమ్మకు ఒక అలవాటుంది. పచ్చగా కనపడితే చెప్పులు విడిచి అడుగు పెడుతుంది. అట్నే పెట్టి, చురుక్కుమనేసరికి కాలు వెనక్కి తీసుకుంది.

"ఎండకి కొంచెం వేడెక్కుతుంది మేడమ్. ఈవినింగ్ వాడుకోండి."

"గడ్డిని వాడుకోవడం ఏంది నాయనా, నేనేమన్నా గేదెనా?"

కుర్రాడు నవ్వాడు. శిక్షణలో నవ్వమని చెప్పి ఉంటారు.

"కరివేపాకు చెట్టు యాడ పెట్టుకోవాల?"

"ఎందుకు మేడమ్, యాప్‌లో పది నిమిషాల్లో వస్తుంది."

"నీళ్లు పోయేదానికి తూము యాడుంది?"

కుర్రాడు కిందికి చూశాడు. నేనూ చూశాను. తూము లేదు. ఒక్క చెంబు నీళ్లు పోస్తే ఆ నీళ్లు కింది ఫ్లాటాయన ఆరేసుకున్న పంచె మీదికే పోవాలి.

"కొళాయన్నా ఉందా?"

కుర్రాడి ముఖం ఒక్కసారిగా వెలిగింది. ఈ ప్రశ్నకు వాడి దగ్గర జవాబుంది. "ఈ గడ్డికి నీళ్లక్కర్లేదు మేడమ్! అదే దీని స్పెషాలిటీ. నెలకోసారి దువ్వితే చాలు, బ్రష్ మేమే ఫ్రీగా ఇస్తాం." అని మోకాళ్ల మీద కూర్చుని, టై గడ్డికి తగలకుండా భుజం మీదికి వేసుకుని, ఆ అర తోటను ఎడమ నుంచి కుడికి దువ్వి చూపించాడు. తర్వాత కుడి నుంచి ఎడమకు. పాపిడి కూడా తీశాడు. ఏసీ పెట్టె మా ముఖాల మీదికి వేడిగాలి కొడుతోంది. పిన్నమ్మ చాలాసేపు శ్రద్ధగా చూసి, "నా తల దువ్వుకునేదానికే చెయ్యి పైకి లేవడం లేదు నాయనా" అంది.

ఇదంతా ఆ కుర్రాడి తప్పని నేననడం లేదు. దీని వెనక ఒక శాస్త్రముంది. నలుగురుండే ఇంటికి నాలుగు గదులైతే ఒక్కరికి ఒక గది. నలుగురికి పెరడైతే ఒక్కరికి పావు పెరడు. ఆ లెక్కన ఆకాశం కూడా పావు వంతే కనపడాలి. ఎదురుగా ఇంకో బ్లాకు కట్టి ఆ లోటూ తీర్చారు. నలుగురుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ఒక్కరే ఉంటే చూడ్డానికి చెట్టో మనిషో కావాలి గదా, అప్పుడు పచ్చదనం ఎక్కువుండాలి గదా అని అడిగితే మనకు చదరపు అడుగు రేటు తెలియదంటారు.

పిన్నమ్మ కాపురానికొచ్చిన ఇల్లు మూలాపేటలో ఉండేది. నాలుగు వాటాల ఇల్లు, ఇరవై నాలుగు అంకణాలు. అందులో మూడు వాటాల్లో మనుషులు ఒంటిగానే ఉండేవాళ్లు. ఒకావిడ భర్త పోయిన మనిషి, ఒకావిడ నర్సు, ఒకాయన పెళ్లి చేసుకోని గుమాస్తా. నలుగురికీ కలిపి ఒకే పెరడు. బావి, పక్కన అంట్లు తోమే బండ, ఆ నీళ్లు తాగి బతికే అరటి, గోడ వారన కరివేపాకు, నందివర్ధనం. నందివర్ధనం పూలన్నీ మూలస్థానేశ్వరుడికే. అన్ని వంటిళ్ల కిటికీలూ పెరటివైపే తెరుచుకునేవి. ఏ ఆర్కిటెక్టూ గీయలేదు. మేస్త్రీ తాడు పట్టుకుని కట్టేశాడు.

మన గొప్పలు మనమే చెప్పుకుంటున్నామని అనుకోవద్దు. బెల్జియంలో పదమూడో శతాబ్దం నుంచే ఒంటరి ఆడవాళ్ల కోసం ఇట్లాంటివే కట్టారు. మధ్యలో పచ్చిక, చెట్లు, చుట్టూ చిన్న చిన్న ఇళ్లు. పెళ్లికానివాళ్లు, భర్త పోయినవాళ్లు అందులో తమ బతుకు తాము బతికారు. వాటిల్లో పదమూడింటిని 1998లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. మనవాటిని మనం డెవలప్‌మెంట్‌కిచ్చాం.

పిన్నమ్మ స్నేహితురాలు ఒకావిడ, రిటైరైన టీచరమ్మ, ఇట్లాంటి ఫ్లాట్‌లోనే ఒక్కతే ఉండేది. ఒకరోజు తెల్లారుజామున బాత్రూమ్‌లో జారిపడింది. తలుపు గొళ్లానికి వేలాడే సంచిలో ఆ రోజు పాల ప్యాకెట్ అట్నే ఉండిపోయింది. మర్నాడు రెండోది. చెన్నైలో కూతురి దగ్గరికి పోయిందేమో అనుకున్నాడు వాచ్‌మన్. మూడో రోజు పాలు కారి, చీమలు వరస కట్టి, వాసన రాబట్టి తలుపు పగలగొట్టారు. బతికే ఉంది. తుంటి విరిగి, రెండు రాత్రులు తడి నేల మీద. చెట్టుకు నీళ్లు పోసే పెరడంటూ ఉంటే, పొద్దున ఏడింటికి ఆవిడ చెంబు పట్టుకుని కనపడకపోతే, ఎదురు కిటికీలోంచి ఒక్క మనిషి "ఏందక్కా, ఇంకా లేవలేదా?" అని అరిచి ఉండేది. ఆ ఒక్క కేకను ప్లానులో కొట్టేసి, దాని బదులు సీసీ కెమెరా పెట్టి, దాన్ని భద్రత అని అమ్ముతున్నారు. సిగ్గుండాలి. ఆ కెమెరా రెండు రోజులూ పాల సంచిని చూస్తూనే ఉంది.

ఏమడుగుతున్నాం? అంతస్తుకు నాలుగు ఇళ్లుంటే మధ్యలో అందరికీ కలిపి ఎండ పడే చోటు కొంచెం. అందులో నడుమెత్తు గట్టు, ఎందుకంటే మోకాళ్లు అరిగినవాళ్లు వంగలేరు. గట్టులో నిజం మట్టి. ఒక కొళాయి, ఒక తూము, కూర్చునేదానికి ఒక అరుగు. వంటింటి కిటికీ అటు తిప్పాలి. లిఫ్ట్ దగ్గర పాలరాతి బుద్ధుడికి పెట్టిన ఖర్చుతో ఇందులో సగం అయిపోతుంది. లేఅవుట్ వేస్తే పది శాతం స్థలం ఖాళీగా వదలాలని రూలెట్లాగూ ఉంది. మా వైపు ఒక లేఅవుట్‌లో ప్లాను కాగితం మీద పచ్చరంగు పూసిన ఆ చోట ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మరు, పక్కన ఎవరిదో కారు షెడ్డు. మిగిలిందంతా సిమెంటే. 2015లోనూ 2021లోనూ నవంబరు వానలకు ఊరు మునిగినప్పుడు, నీళ్లు ఇంకేదానికి జానెడు మట్టి కూడా లేదేందని ఆశ్చర్యపోయిన పెద్దమనుషుల్లో ఆ షెడ్డు ఓనరూ ఉన్నాడు.

సేల్స్ కుర్రాడు ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తాడు. మొన్న మరీ ఉత్సాహంగా ఉన్నాడు.

"సార్, రెండు ఫ్లాట్లే మిగిలాయి. మేడమ్ గారి కోసం స్పెషల్ ఆఫర్. తులసి కోట ఫ్రీ."

"తూము పెట్టారా మరి?" అన్నాను.

"అక్కర్లేదు సార్. తులసి కూడా అదే క్వాలిటీ. వాడిపోదు."

పిన్నమ్మకు ఇంకా చెప్పలేదు.