సవరణ: గోల్ఫ్, నడుం నొప్పి పోస్టులో రెండు తప్పులు

‘కైరోప్రాక్టర్ (చేతులతో వెన్ను, కీళ్లు విరిచి చికిత్స చేసేవారు) ఒక్కసారి నడుం విరిస్తే జారిన డిస్కు మళ్లీ చోటులో కూర్చుంటుంది’ అని మొన్న రాశాను. తప్పు. విజయనగరం నుంచి విశాఖ వెళ్లి గోల్ఫ్ ఆడే మా బావగారికి నొప్పి తగ్గిందన్న సంబరంలో చెయ్యి జారింది. బిగుసుకున్న వెన్ను కాస్త వదులై నొప్పి తగ్గొచ్చు. డిస్కు మాత్రం వెనక్కి పోదు. ఆ ‘టప్’ చప్పుడు కూడా మెటికలు విరిచినప్పుడు వచ్చేలాంటిదే, ఎముక సర్దుకున్నది కాదు.

ఇంకోటి, ‘గోల్ఫర్స్ ఎల్బో’ నొప్పి మోచేతికి లోపలివైపు వస్తుంది, బయటివైపు కాదు.

స్వింగ్‌కు ముందు తుంటి, వెన్ను వార్మప్ చేయాలన్న మాటలో మార్పు లేదు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రంపై పట్టు తప్పినా ఎవరితోనూ విరిపించుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.