పరిహారం లెక్క సరే, కొట్టు తెరిచేదెలా?

విజయవాడను ముంచిన బుడమేరు వాగు వరద తర్వాత, ప్రభుత్వ సాయంతో చిన్న వ్యాపారులు తేరుకున్నారని మీ పత్రికలో రాశారు. సగమే నిజం. 2024 సెప్టెంబర్‌లో ప్రభుత్వం ప్రకటించిన లెక్క చూడండి: మునిగిన గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు, కిరాణా కొట్టుకు 25 వేలు, టర్నోవర్ 40 లక్షల లోపున్న రిజిస్టర్డ్ వ్యాపార యూనిట్లకు 50 వేలు. ఇంతకుముందు ఇళ్లలో నీళ్లొస్తే ఇచ్చినదానికంటే ఇది మెరుగే, కాదనను.

కానీ సింగ్‌నగర్‌లో మా పిన్నిగారిది ముందు గదిలో టైలరింగ్, వెనక గదిలో కాపురం. రెండు మెషీన్ల మోటార్లు పాడయ్యాయి. పండక్కి కుట్టడానికి ఇచ్చిన జాకెట్ గుడ్డలన్నీ బురదలో నాని రంగులు కలిసిపోయాయి. వాటి డబ్బు ఖాతాదారులకు తనే కట్టింది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు ఇల్లు ఒక్కటే రాసుకున్నారు. షాపుకు వేరే బోర్డు లేదు, లైసెన్సు లేదు, చిన్న వ్యాపారాలను కేంద్రం దగ్గర నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ అంటే ఏంటో ఆవిడకు తెలీదు. ఇళ్లలోనే పచ్చళ్లు, టిఫిన్లు, ఫాల్, పీకో చేసుకునేవాళ్లు ఆ వీధిలో ఇంకెంతమందో!

ఇల్లు కడుక్కోవడానికి ఇచ్చేది వేరు, వ్యాపారం మళ్లీ మొదలుపెట్టడానికి ఇచ్చేది వేరు. డ్వాక్రా సంఘాల దగ్గర ఎవరు ఏ పని చేస్తారో అప్పు పుస్తకాలతో సహా ఉంటుంది. వచ్చే వానాకాలంలోపు ఆ జాబితా వార్డు సచివాలయాల్లో పెట్టించండి, కనీసం దాని మీద ఒక వార్త రాయండి సార్.